పసిబిడ్డల జబ్బులు: దుఆతో పాటు దవా

మగ్రిబ్ నమాజు ముగిసి నమాజీలు బయటికి వచ్చే వేళకు మన ఊళ్లలో ఎన్నో మసీదుల గుమ్మాల వద్ద పసిబిడ్డలను ఎత్తుకున్న తల్లులు నిలబడి ఉంటారు. వారిలో ముస్లిములే కాదు, హిందూ సోదరీమణులూ ఉంటారు. నమాజు చేసి వచ్చినవారు ఒక్కొక్కరుగా బిడ్డ మీద ఊది వెళ్తారు. జ్వరం తగ్గాలని, రాత్రి ఏడుపు మానాలని, బిడ్డ పాలు తాగాలని ఆ తల్లుల కోరిక. తరతరాలుగా సాగుతున్న ఈ ఆనవాయితీలో అల్లాహ్ వాక్కు పట్ల గౌరవం ఉంది, ఇరుగుపొరుగుల మధ్య ఆత్మీయత ఉంది. దానిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తమ మనవలు హసన్, హుసైన్ (రజి)ల కోసం అల్లాహ్ శరణు వేడేవారనీ, ఇబ్రాహీం ప్రవక్త (అలై) కూడా తమ కుమారులు ఇస్మాయీల్, ఇస్‌హాఖ్ (అలై)ల కోసం అలాగే వేడేవారని తెలియజేశారనీ సహీహ్ బుఖారీలో ఉంది.

అయితే ఆ గుమ్మం వద్దకు వచ్చే బిడ్డలందరి స్థితీ ఒకటి కాదు. ఒక బిడ్డ జలుబుతో చిరాకు పడుతూ ఉంటాడు. రెండు మూడు రోజులలో తానే కోలుకుంటాడు. మరొక బిడ్డ తల్లి భుజం మీద తల వాల్చేసి, పిలిచినా కళ్లు తెరవక, డొక్కలు ఎగరవేస్తూ శ్వాస తీస్తూ ఉంటాడు. ఈ రెండవ బిడ్డకు దమ్ మాత్రమే చేసి ఇంటికి పంపితే ఆ రాత్రి గడవకపోవచ్చు. ఈ ఇద్దరినీ వేరు చేసి చూడటం తల్లిదండ్రులకు తెలియాలి. దమ్ చేసే ఇమాములకు, మా వంటి మదరసా ఉపాధ్యాయులకు అంతకంటే బాగా తెలియాలి. మేము వైద్యులం కాము. పిల్లల వైద్యులందరూ ఏకాభిప్రాయంతో చెప్పే ప్రమాద సూచనలను, వాటి విషయంలో మన ఇళ్లలో జరిగే ఆలస్యాన్ని, ఆ ఆలస్యానికి ధర్మం పేరిట చెప్పే సాకులను ఇక్కడ పరిశీలించదలిచాము.

అల్లాహ్ మీద నమ్మకం ఉన్నవారికి ఆసుపత్రి ఎందుకు అన్న మాట నేటికీ కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది. ఈ ప్రశ్న కొత్తది కాదు. ఎడారివాసులైన అరబ్బులు దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి తాము వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగినప్పుడు, చేయించుకోమనే ఆయన ఆదేశించారు. వార్ధక్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని సృష్టించాడని వివరించారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళ్తూ, అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి సర్గ్ అనే చోటి నుంచి వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, అవును, ఒక విధివ్రాత నుంచి అల్లాహ్‌యే నిర్ణయించిన మరొక విధివ్రాత వైపుకే వెళ్తున్నామన్నది ఆయన సమాధానం. ఆసుపత్రికి నడవడం కూడా తఖ్దీర్‌లో భాగమేనని దీని అర్థం.

పిల్లల విషయంలో మరొక హదీసును మన తల్లులు తప్పక తెలుసుకోవాలి. ఉమ్మె ఖైస్ బిన్తె మిహ్సన్ (రజి) తమ కుమారుణ్ణి దైవప్రవక్త (సఅసం) వద్దకు తీసుకువచ్చారు. ఆ బిడ్డ గొంతు వాచింది. ఆనాటి ఆచారం ప్రకారం లోపల వేలితో నొక్కి ఉన్నారు. పిల్లలను ఇలా ఎందుకు బాధిస్తున్నారని ఆయన మందలించి, ఊదె హిందీ వాడమన్నారు. మన ఆయుర్వేదంలో చెంగల్వ కోష్టు అనేది అదే. బుఖారీ గ్రంథంలోని వైద్య ప్రకరణంలో ఈ సంఘటన ఉంది. మన పల్లెలలో నేటికీ కొండనాలుక జారిందని పసివాళ్ల గొంతులో వేలు పెట్టి నొక్కే పెద్దమ్మలున్నారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత పుట్టిన భాష మనది, అయినా ఈ అలవాటు పోలేదు! ఆ హదీసు నుంచి చెంగల్వ కోష్టును మాత్రమే తీసుకొని, బిడ్డను హింసించే పాత అలవాటును మానమన్న ఆదేశాన్ని వదిలివేయడం న్యాయం కాదు. కామెర్లకు చేతి మీద, దగ్గుకు డొక్కల మీద, మూర్ఛకు నుదుటి మీద వాతలు పెట్టించడమూ ఈ కోవలోనిదే. కాల్చి చేసే చికిత్స పెద్దలకు సైతం ప్రవక్త (సఅసం) ఇష్టపడలేదు. పాలు తాగే పసికందుకు దానిని చేయించేవారు ఏ ప్రమాణం చూపగలరు?

శ్వాసను లెక్కించండి

ఐదేళ్లలోపు పిల్లల ప్రాణాలు తీసే జబ్బులలో న్యుమోనియా ముందు వరుసలో ఉంటుంది. మన ఇళ్లలో దీనిని పస్లీ చలనా అంటారు, తెలుగులో డొక్కలు ఎగరడం అంటారు. పేరులోనే రోగ లక్షణం ఉంది. శ్వాస లోపలికి తీసినప్పుడు మామూలుగా ఛాతీ పైకి లేవాలి. అందుకు విరుద్ధంగా ఛాతీ కింది భాగం, పక్కటెముకల సందులు లోపలికి పోతున్నాయంటే ఊపిరితిత్తులు శ్రమిస్తున్నాయని అర్థం. ఇది చూసిన తర్వాత తెల్లవారే దాకా ఆగకూడదు.

అంతకంటే ముందే తెలిసే సూచన ఒకటుంది. అది శ్వాస వేగం. దానిని కొలవడానికి యంత్రం అక్కరలేదు. బిడ్డ ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు, లేదా నిద్రలో ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ కదలికలను నిండా ఒక నిమిషం పాటు లెక్కించాలి. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పసివాళ్ల శ్వాస ఒకే తీరుగా సాగదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేక అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేక అంతకంటే ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40 లేక అంతకంటే ఎక్కువ ఉంటే అది వేగమైన శ్వాస. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే లెక్క ఇది. ఇంట్లో దాదీ, నానీల చేతిలో తస్బీహు ఎలాగూ ఉంటుంది. ఒకరు గడియారం చూస్తూ ఉండగా ఒక్కొక్క శ్వాసకు ఒక్కొక్క పూస జరిపితే చాలు, లెక్క తప్పదు. దగ్గు, జలుబుతో పాటు శ్వాస ఈ లెక్కను దాటితే అదే రోజు వైద్యునికి చూపించాలి. డొక్కలు ఎగరడం, మూలుగు, పెదవులు నీలంగా మారడం, ప్రశాంతంగా ఉన్నప్పుడూ గొంతులో గురగుర శబ్దం రావడం, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మధ్యలో ఆర్.ఎం.పి. వద్ద ఆగి సూది వేయించుకోవడం, ఆవిరి పట్టడం, కర్పూరం కలిపిన నూనె రాయడం అన్నీ కాలహరణమే.

దగ్గు మందు సీసా గురించి ఒక మాట. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విషపూరితమైన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు మూత్రపిండాలు చెడి మరణించిన ఘోరం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, ఐదేళ్ల లోపు వారికి కూడా సాధారణంగా అవి తగవని స్పష్టం చేసింది. పెద్దవాడికి రాసిన సీసాలో మిగిలింది చిన్నవాడికి పోయడం మన ఇళ్లలో పొదుపుగా భావిస్తారు. అది పొదుపు కాదు.

చిల్లా నలభై రోజులు

మా దృష్టిలో అత్యంత విషాదకరమైన ఆలస్యం జరిగేది ఇక్కడే. కాన్పు తర్వాత నలభై రోజులు తల్లీబిడ్డలు గడప దాటరాదన్న కట్టుబాటు అనేక ముస్లిం కుటుంబాలలో గట్టిగా ఉంది. తల్లికి విశ్రాంతి, బిడ్డకు చలిగాలి నుంచి రక్షణ అన్న మేరకు ఇది మంచిదే. కానీ షరీఅత్‌లో నిఫాస్ నియమాలు నమాజు, ఉపవాసం, దాంపత్యం వంటి విషయాలకు సంబంధించినవి. జబ్బుపడిన శిశువును ఆసుపత్రికి తీసుకుపోరాదని ఏ ఫిఖ్హ్ గ్రంథంలోనూ లేదు. పైగా బిడ్డ ప్రాణానికి అత్యంత అపాయకరమైన రోజులు ఈ నలభై రోజుల్లోనే ఉన్నాయి.

రెండు నెలల లోపు శిశువు విషయంలో చిన్న జ్వరం అనేది లేదు. థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ, అంతకు మించి గానీ చూపితే, మందు పోసి చూద్దామని అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలల వరకు ఇదే జాగ్రత్త పాటించాలని వైద్యులు చెబుతారు. జ్వరం ఒక్కటే కాదు, ఒళ్లు చల్లబడటమూ అంతే ప్రమాదం. ఇంత చిన్న శిశువులో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ జ్వరంగా కాక చల్లదనంగా బయటపడవచ్చు. నిన్నటి దాకా చక్కగా పాలు తాగిన బిడ్డ ఇవాళ రొమ్ము పట్టకపోవడం, ఏడుపు బలహీనపడటం, ముట్టుకుంటేనే గానీ కదలకపోవడం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము రావడం ఇవన్నీ ఆ కోవలోనివే. పుట్టిన 24 గంటల లోపే ఒళ్లు పసుపుపచ్చగా మారినా, ఆ పసుపు అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా ఎండలో పడుకోబెట్టి ఊరుకోవడం సరిపోదు. ఆసుపత్రిలో నీలికాంతి కింద ఉంచే చికిత్సకు ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది, వినికిడి పోతుంది. పసరు పోయించడం వల్ల ఆ గంటలు తిరిగి రావు.

ప్రభుత్వ ఆశా కార్యకర్త ఈ నలభై రెండు రోజుల్లో 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలన్న నియమం ఉంది. కొన్ని ఇళ్లలో నజర్ తగులుతుందని ఆమెను గుమ్మం దగ్గరి నుంచే పంపివేస్తున్నారు. ఆమెను లోపలికి పిలవండి. ఆమె బరువు తూస్తుంది, ఒళ్లు వేడి చూస్తుంది, అనుమానం ఉంటే ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది.

తహ్నీక్ సున్నతు గురించీ ఇక్కడే చెప్పాలి. హిజ్రత్ తర్వాత మదీనాలో ముహాజిర్ల ఇంట పుట్టిన తొలి శిశువు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)కు దైవప్రవక్త (సఅసం) ఖర్జూరంతోనే తహ్నీక్ చేశారు. మన వాళ్లు దానికి బదులుగా తేనె నాకిస్తున్నారు. ఏడాది నిండని బిడ్డకు తేనె తగదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మక్రిమి బీజాలు పసికందు పేగులలో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. బిడ్డ మలబద్ధకంతో మొదలై, ఏడుపు సన్నగిల్లి, ఒళ్లు వాలిపోతాడు. తేనెలో స్వస్థత ఉందన్నది ఖుర్ఆన్ చెప్పిన సత్యం. కడుపు నొప్పికి తేనె తాగించమన్న హదీసూ ఉంది, అయితే అక్కడ ఒక వ్యక్తి వచ్చి చెప్పుకున్నది తన సోదరుని గురించి, పాలు తాగే శిశువు గురించి కాదు. శుభ్రమైన చేతితో మెత్తని ఖర్జూరపు గుజ్జును అంగిట తాకిస్తే సున్నతు నెరవేరుతుంది.

జ్వరం, మూర్ఛ, విరేచనాలు

మూడు నెలలు దాటిన పిల్లలలో జ్వరం అంకె కంటే బిడ్డ తీరు ముఖ్యం. జ్వరం దిగినప్పుడు ఆడుకుంటూ, నీళ్లు తాగుతూ, మూత్రం పోస్తూ ఉంటే ఇంట్లో కనిపెట్టి ఉండవచ్చు. జ్వరం మూడు రోజులు దాటినా, దిగినప్పుడు కూడా బిడ్డ మత్తుగా పడి ఉన్నా, మెడ వంచలేకపోయినా, పసివాని మాడు ఉబ్బినా, గాజు గ్లాసుతో ఒత్తి చూస్తే మాయం కాని ఎర్రని, ఊదారంగు మచ్చలు ఒంటి మీద వచ్చినా ఆగకూడదు. పారాసిటమాల్ సిరప్ మాత్రం చెంచా లెక్కన పోయకండి. ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములది ఒకటి, 250 మిల్లీగ్రాములది ఒకటి దొరుకుతాయి. చుక్కల మందు ఇంకా గాఢమైనది. బిడ్డ బరువును బట్టి ఎంతో వైద్యుని వద్ద రాయించుకొని, సీసాతో వచ్చిన కొలతతోనే పోయాలి.

వర్షాకాలంలో డెంగీ ఉన్న ఊళ్లలో ఒక విచిత్రం గమనించాలి. జ్వరం దిగిందని ఇంట్లో అందరూ అల్‌హందులిల్లాహ్ అనుకునే రోజునే ప్రమాదం మొదలు కావచ్చు. మూడవ రోజు నుంచి ఏడవ రోజు మధ్య జ్వరం తగ్గి, తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన కాళ్లు చేతులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి.

జ్వరంలో ఫిట్స్ వస్తే సాయా సోకిందని, గాలి తగిలిందని అనుకుంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య పిల్లలలో కొందరికి జ్వరంతో మూర్ఛ రావడం వైద్యులకు బాగా తెలిసిన విషయమే. చాలావరకు కొద్ది నిమిషాలలో తగ్గిపోతుంది. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, గడియారం చూడాలి. నోట్లో చెంచా పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. తాళంచెవులు, ఉల్లిపాయలు, చెప్పుల వాసనలు ఏవీ అక్కరలేదు. ఐదు నిమిషాలు దాటినా, మళ్లీ మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. తగ్గిపోయినా అదే రోజు వైద్యునికి చూపాలి. ఆయతుల్ కుర్సీ పఠించడానికి ఎవరూ అడ్డు చెప్పరు. దారిలో పఠించవచ్చు.

విరేచనాలలో బిడ్డను చంపేది ఒంట్లో నీరు ఇంకిపోవడం. తల్లిపాలు ఆపకూడదు, అన్నం ఆపకూడదు. ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లం మీద రాసినంత నీటిలోనే కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఈ ఉప్పు, చక్కెర నీటితోనే వేలమందిని కాపాడారు. అంత విలువైన మందు పేరును డబ్బాల్లోని తీపి పానీయాల మీద ముద్రించి అమ్ముతూ వచ్చారు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఫలించి, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు పెట్టరాదని ఆదేశించింది. కనుక దుకాణంలో అడిగేటప్పుడు రంగురంగుల డబ్బా కాదు, పొడి పొట్లం అడగండి. దానితో పాటు జింక్ మాత్రలు పద్నాలుగు రోజులు ఇవ్వాలి. ఇవి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా, ఆరు గంటలకు మించి మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా, ఏది తాగించినా కక్కేస్తున్నా ఇక ఇంటి వైద్యం చాలదు.

ఎవరి అనుమతి కోసం?

కడపలోనో, కరీంనగర్‌లోనో, నిజామాబాదులోనో ఎన్నో ఇళ్లలో భర్త గల్ఫ్‌లో ఉంటాడు. అర్ధరాత్రి బిడ్డకు ఊపిరి ఆడదు. కోడలు అత్తగారి మాట కోసం, అత్తగారు కొడుకు ఫోన్ కోసం, కొడుకు డ్యూటీ ముగియడం కోసం ఎదురుచూస్తూ ఉంటారు. తోడుగా మహ్రమ్ లేకుండా రాత్రివేళ ఎలా వెళ్లాలన్నది మరొక సంకోచం. ఈ సంకోచానికి ధర్మంలో ఆధారం లేదు. ప్రాణాపాయం ఏర్పడినప్పుడు మామూలు నిషేధాలు సడలుతాయన్నది ఫిఖ్హ్‌లో స్థిరపడిన సూత్రం. నీట మునుగుతున్న వ్యక్తిని రక్షించడానికి నమాజును మధ్యలోనే విరమించడం విధి అని మన ఉలమాలు రాశారు. దైవప్రవక్త (సఅసం) జమాఅత్ నడిపిస్తూ వెనుక బిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు కలవరపడుతుందని నమాజునే కుదించేవారు. అటువంటి ప్రవక్త సముదాయంలో ఒక తల్లి బిడ్డను చేతుల్లో పెట్టుకొని అనుమతి కోసం ఫోను వైపు చూస్తూ కూర్చోవలసిన అవసరం లేదు. విదేశాలలో ఉన్న సోదరులు ఈ మాట ముందుగానే ఇంట్లో స్పష్టంగా చెప్పి ఉంచాలి: అడగవద్దు, వెళ్లండి, తర్వాత చెప్పండి అని. కొంత డబ్బు కూడా ఆమె చేతిలో ఉంచాలి.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉచితంగా నడుస్తోంది. వాహనంలో ఆక్సిజన్ ఉంటుంది, ఆటోలో ఉండదు. జిల్లా ఆసుపత్రులలో నవజాత శిశువులకు ప్రత్యేక విభాగాలున్నాయి. సర్కారు దవాఖానా అనగానే ముఖం చిట్లించేవారికి ఒక సంగతి గుర్తు చేస్తాము. ఏడవ నిజాం చిన్న కోడలు నీలోఫర్ రాకుమారి తన పరిచారిక ప్రసవ సమయంలో వైద్యం అందక మరణించినందుకు కలత చెంది పూనుకోవడం వల్లనే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి 1953లో వెలిసింది. నేడు ఎన్నో జిల్లాల నుంచి పిల్లలను అక్కడికి తెస్తున్నారు. అది మనందరి ఇల్లు.

వెళ్లేటప్పుడు టీకాల కార్డు, వాడిన మందుల సీసాలు వెంట తీసుకుపోవాలి. జ్వరం ఏ పూట మొదలైందో, ఆఖరుసారి మూత్రం ఎప్పుడు పోశాడో, ఎంత తాగాడో గుర్తుంచుకొని చెప్పాలి. పసరు తాగించి ఉంటే, ఘుట్టీ పోసి ఉంటే, వాత పెట్టించి ఉంటే కోప్పడతారని దాచకండి. వైద్యం ఏది చేయాలన్నది ఆ జవాబు మీద ఆధారపడి ఉండవచ్చు. తావీజు విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది, ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. మణికట్టుకో మెడకో దారం బిగుతుగా ఉండి, సెలైన్ పెట్టడానికి నర్సు తీయమంటే వాదించకుండా తీసి జేబులో పెట్టుకోండి.